ఇరవై పాయింట్ తొమ్మిది

అంత పొగేమీ లేదు, ఉన్నా గాలి దానంతటది సర్దుకుంటుంది, షెడ్డు వెనకగోడకి రెండు కిటికీలున్నాయి, ఒకదాని రెక్క తెరిచే ఉంది, కరెంటు పోయింది కాబట్టి జనరేటరు వెయ్యాల్సి వచ్చింది, వేశాక దాని పొగ ఎటు పోతోందో కాపలా కాయడం ఎవరివల్లా కాదు, అనుకున్నాడు భద్రిరాజు; అనుకుని, ఆ మాటనే మళ్ళీ మొదటినుంచి అనుకున్నాడు, ఈసారి కిటికీలు రెండూ తెరిచి ఉన్నాయి. ఎదురుగా బల్లమీద మీటరు ఉంది. అరచేతిలో ఇమిడే నల్లపెట్టె, దానికి బారెడు వైరు, వైరు చివర స్పార్కుప్లగ్గులా కనిపించే వైడ్‌బ్యాండ్ సెన్సారు. కారు పొగగొట్టంలో బిగిస్తే, కాలిన పొగలో ఇంకా ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి, ఇంజన్ లోపల ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ళ గాలి పడుతోందో చెబుతుంది. పదకొండు, పన్నెండు, పదమూడు. అంకె పెరిగేకొద్దీ పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. టర్బో ఉన్న ఇంజన్ని కాలు తియ్యకుండా తొక్కినప్పుడు అర పాయింటు తేడా వచ్చిందంటే పిస్టన్ మైనంలా కారిపోతుంది. అందుకే వాడేముందు సెన్సారుని ఆరుబయట వేలాడదీసి, వేడెక్కనిచ్చి, బటన్ నొక్కాలి. నొక్కిన క్షణాన తన ముందున్నదాన్ని అది మంచిగాలి అనుకుంటుంది, నూటికి ఇరవై పాయింట్ తొమ్మిది పాళ్ళు ఆక్సిజన్ అని రాసుకుంటుంది. ఆ క్షణాన ముందున్నది పొగ అయితే పొగనే మంచిగాలి అనుకుంటుంది, ఆ తర్వాత చెప్పే అంకెలన్నీ ఆ మొదటి అంకెని పట్టుకునే నడుస్తాయి. దానికి అనుమానమనేది లేదు. అనుమానం లేనివాళ్ళంటే భద్రిరాజుకి మొదటినుంచీ ఒళ్ళుమంట.

రెండయింది. రావులపాలెం వచ్చానండీ అని ఒకప్పటి శిష్యుడు ప్రసన్నకుమార్ ఫోన్ చేసి పది నిమిషాలయింది. ఈ మీటరు కోసం కాకినాడ నుంచి మోటారుసైకిల్ మీద వస్తున్నాడు. సిద్ధాంతం వంతెన, పెనుగొండ, మార్టేరు, అక్కణ్ణుంచి భీమవరం పొలిమేరలో ఈ షెడ్డు, మూడింటికల్లా గుమ్మంలో ఉంటాడు. ఎండలో హెల్మెట్ కింద చెమట కళ్ళలోకి కారుతుంటే కూడా వాడు నవ్వుతూనే వస్తుంటాడు, వాడి ముఖం అలాంటిది, నిద్రలో కూడా ఎవరికో నమస్కారం పెడుతున్నట్టుంటుంది. షెడ్డు వెనక అన్నయ్య అమ్మిరాజు రొయ్యల చెరువులు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నీళ్ళని చిలుకుతున్నాయి, పగలూ రాత్రీ అదే చప్పుడు, అది ఆగినప్పుడే చెవికి వినిపిస్తుంది. ఆ నీళ్ళలోనూ ఆక్సిజన్ చూసే మీటరొకటి ఉంటుంది, పొద్దున్నే చెరువు కుర్రాళ్ళు గట్టు మీద దాన్ని పట్టుకుని తిరుగుతుంటారు, అంకె తగ్గిందంటే రొయ్యలు పైకి తేలి మూతులు తెరుస్తాయి. ఈ ఊళ్ళో అందరూ ఊపిరిని కొలిచేవాళ్ళే. కొలిచేవాడి ఊపిరి సంగతి ఎవడికీ పట్టదు. ఈ మాట బాగుందనిపించి భద్రిరాజు దాన్ని ఇంకొంచెం సేపు పట్టుకుని కూర్చుందామనుకున్నాడు, కాని షట్టరు కింద రెండు కాళ్ళు కనిపించాయి, వెండి మట్టెలు, బురద చారలు, తర్వాత టీ బడ్డీ అచ్చాయమ్మ తల వంచుకుని లోపలికొచ్చింది, ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేత్తో ముక్కు మూసుకుని.

"ఏంటండీ రాజుగారూ, షట్టరు సగం దించేసి పొగేసుక్కూచున్నారు? దోమలకాండీ, దెయ్యాలకాండీ?"

"కరెంటు పోయిందమ్మా."

"పోయిందా? మరి నా బడ్డీలో ఫ్యానెవరు తిప్పుతున్నారండీ, చచ్చిపోయి పదేళ్ళయిన మా మావగారా?" గ్లాసు బల్లమీద పెట్టి, మీటరు వైపు చూసింది. "ఆ పాముపిల్ల లాంటిదాన్ని పొగలో ఎందుకు పెట్టారు? ఊపిరాడక చస్తుంది." తన మాటకి తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయాక భద్రిరాజు లేచి జనరేటరు ఆపాడు. చప్పుడు పోయి చెరువుల చప్పుడు లోపలికొచ్చింది. కరెంటు పోలేదు. మెయిన్ స్విచ్ తనే దించాడు. అది గుర్తొచ్చింది, గుర్తురావడమంటే మర్చిపోయింది గుర్తురావడం కాదు, గదిలో ఒక మూల నిలబడి ఉన్న మనిషి వైపు చివరికి తల తిప్పడం లాంటిది. స్విచ్ దించాడు, జనరేటరు వేశాడు, సెన్సారుని దాని పొగగొట్టానికి జానెడు దూరంలో ఒక తీగకి కట్టాడు, వేడెక్కేదాకా ఆగాడు, ఇంకో నిమిషం ఎక్కువే ఆగాడు, పొగ బాగా కమ్ముకోనిచ్చాడు, అప్పుడు బటన్ నొక్కాడు. నొక్కి, డాక్టరు రోగి నాడి చూసినట్టు తన చేతిని తనే చూసుకున్నాడు. పొగని మంచిగాలి అనుకున్న మీటరు అన్నిటినీ సాగదీసి చూపిస్తుంది, గాలి ఎక్కువైతే గాలినీ, పెట్రోలు ఎక్కువైతే పెట్రోలునీ; ఇప్పుడు అది పన్నెండు చూపించిందంటే ఇంజన్ లోపల పన్నెండున్నర ఉంటుంది. ప్రసన్నకుమార్ పన్నెండుకి తెస్తాడు. వాడి చెయ్యి మంచిది, సరిగ్గా తెస్తాడు.

పొద్దున ఫోన్లో వాడి గొంతు. "గురువుగారండీ, నా సెన్సారు చచ్చిపోయిందండీ. సైలెన్సరు జాయింటుకి సిలికాన్ పేస్టు పూశానండీ, బుద్ధి తక్కువై, ఆ ఆవిరి తగిలి పోయిందండీ. కొత్తది రావాలంటే మూడ్రోజులంటున్నారు. ఎల్లుండి పొద్దున్నే నేను ట్రాకు మీదుండాలండీ. రెండు జిల్లాలు వెతికినా మీ దగ్గర తప్ప ఇంకోటి లేదండీ." రెండేళ్ళనుంచి వాడు కట్టుకుంటున్న ఇంజన్ అది. కాకినాడ తుక్కు కొట్లలో బ్లాకు ఒకచోట, హెడ్ ఒకచోట, టర్బో ఇంకోచోట ఏరుకుని, పగలంతా జనాల స్కూటర్లు బాగుచేసి మిగిలిన టైములో కట్టాడు. కోయంబత్తూరు నుంచి ఒక రేసింగ్ టీమువాళ్ళు ఎల్లుండి దాన్ని చూడటానికి వస్తున్నారు. ఇంజన్ పావుమైలు నాలుగుసార్లు నిలబడితే వాడు వాళ్ళ మనిషి, నిలబడకపోతే స్కూటర్లు. "రారా," అన్నాడు భద్రిరాజు. "నేనే క్యాలిబ్రేట్ చేసి రెడీగా ఉంచుతాను, నీకు టైము కలిసొస్తుంది." ఆ మాట తన నోట్లోంచి ఎంత తియ్యగా వచ్చిందో ఇప్పటికీ చెవిలో ఉంది. అప్పటికింకా ఏమీ అనుకోలేదు. లేదు, అనుకున్నాడు. 'నేనే' అన్నప్పుడే అనుకున్నాడు. ఆ మాటకి ముందు గొంతులో ఒక చిన్న ఖాళీ వచ్చింది, దాంట్లోనే అంతా అయిపోయింది, మిగతాదంతా, ఈ స్విచ్చూ ఈ తీగా ఈ పొగా, ఆ ఖాళీ వెనకాల నడిచి వచ్చిన కాళ్ళు మాత్రమే.

ఆరేళ్ళ కిందట కూడా ఇదే మీటరు, ఇదే జనరేటరు, తేడా ఒక్కటే, ఆరోజు నిజంగా కరెంటు పోయింది. అమ్మిరాజు అన్నయ్య కొత్తగా తెప్పించుకున్న కారు. పెదనాన్న కొడుకు, ఎనభై ఎకరాల చెరువులు, పెళ్ళిళ్ళలో పదిమంది ముందూ 'మా మెకానిక్ తమ్ముడు' అని భుజం మీద చెయ్యేసి చూపిస్తాడు, ఆ చెయ్యి తీసేశాక కూడా దాని బరువు చొక్కా మీద ఉంటుంది. ఆ కారుకి టర్బో పెట్టి ట్యూన్ చెయ్యాలి. సెన్సారుని షెడ్డులో మేకుకి తగిలించి, జనరేటరు నడుస్తుండగానే బటన్ నొక్కేశాడు భద్రిరాజు, బయట వాన, బయటికెళ్ళడానికి బద్ధకం, అంతే, అందులో పాపమేమీ లేదు. ల్యాప్‌టాప్ దగ్గర ప్రసన్నకుమార్. అప్పటికి నాలుగేళ్ళుగా తన దగ్గరే పని, ఇరవయ్యారేళ్ళవాడు, ఉప్పాడలో సముద్రం మీద వేటకెళ్ళే ఇంటివాడు. నాలుగు పరుగులయ్యాక ప్లగ్గు విప్పి చూపించాడు. "గురువుగారండీ, ప్లగ్గు తెల్లగా ఉందండీ. సున్నం కొట్టినట్టుంది, పెట్రోలు చాలట్లేదు. మీటరేదో పొరపాటు చెబుతోందేమోనండీ." తను ఏమన్నాడు? "నీ కళ్ళకంటే మీటరుకి తక్కువ తెలుసా? పెట్రోలు ఇంకా తగ్గించు." తగ్గించాడు. ఆ మధ్యాహ్నమే మూడో పిస్టన్ కరిగింది.

అమ్మిరాజు కోప్పడలేదు. ఆయన ఎవరిమీదా కోప్పడడు, అది ఆయనకున్న పేరు. చెరువు గట్టు మీద ఆయన ఆఫీసు, ముందు వరండా, మూడు మెట్లు. విప్పిన పిస్టన్ని తీసుకెళ్ళి చూపించారు, నెత్తిన బొటనవేలు పట్టేంత బొక్క, అంచులు కరిగి మళ్ళీ గడ్డకట్టి ఉన్నాయి. "ఎవరి వల్ల జరిగింది తమ్ముడూ?" అని అడిగాడు, వాతావరణం అడిగినట్టు. వరండాలో నలుగురు చుట్టాలున్నారు, పేపర్లు మడిచి చూస్తున్నారు. నేనే అనడానికి ఎంతసేపు పడుతుంది, రెండక్షరాలు, ఊపిరి కూడా పూర్తిగా పీల్చనక్కర్లేదు. "కంప్యూటర్ దగ్గర కూచున్నది ప్రసన్నకుమార్ అన్నయ్యా," అన్నాడు భద్రిరాజు. అమ్మిరాజు అటు తిరిగాడు. "అవునాండీ?" అన్నాడు, అండీ పెట్టి.

ప్రసన్నకుమార్ ఒక్కసారి భద్రిరాజు వైపు చూశాడు. చూసి, తల దించుకున్నాడు. "అవునండీ. నాదే తప్పండీ."

"అయితే అలా మెట్టుమీద కూచోండి బాబూ. అక్కడ ఎండ తగలదు. ఆ పిస్టనొకటి చేత్తో పట్టుకోండి. వచ్చేపోయేవాళ్ళు ఏంటిదని అడిగితే చెబుదురుగాని. ఇంకేం వద్దు, సాయంత్రం వెళ్ళిపోదురు."

కూచున్నాడు. మేత లారీ డ్రైవర్లు అడిగారు, రొయ్యలు కొనేవాళ్ళు అడిగారు, ఎవరి ఇంట్లోనో శుభలేఖ ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్ళు అడిగారు. ప్రతిసారీ లేచి నిలబడి, పిస్టన్ చూపించి, నాదే తప్పండీ అన్నాడు. ఒంటిగంటకి భోజనాలు. మా గడపలోకొచ్చినవాళ్ళు తినకుండా వెళ్ళరండీ అని అమ్మిరాజు దగ్గరుండి మెట్టుమీదే అరిటాకు వేయించాడు, అందరికీ వడ్డించిందే వడ్డించారు, రొయ్యల ఇగురు, మామిడికాయ పప్పు, నెయ్యి. వాడు పిస్టన్ పక్కన పెట్టబోతే, "తినడానికి కుడిచెయ్యి చాలు కదండీ," అన్నాడు. వాడు ఎడంచేత్తో పిస్టన్ని మోకాలి మీద పట్టుకుని కుడిచేత్తో అన్నం కలుపుకున్నాడు. భద్రిరాజు లోపల బల్ల దగ్గర కూచుని తిన్నాడు. కిటికీలోంచి వాడి వీపు కనిపిస్తోంది. ఆరోజు తను పెరుగు రెండోసారి వేయించుకున్నాడన్న సంగతి ఎందుకు గుర్తుండాలి? పెరుగు గట్టిగా ఉంది, పైన మీగడ ఉంది, ఇంకొంచెం అని చెయ్యి చాపాడు. మిగతావన్నీ ఒకవేళ మరిచిపోయినా ఆ చాపిన చెయ్యి మాత్రం పోదు.

వాడి చూపు. ఆ ఒక్క క్షణం చూపులో ఏముందో ఆరేళ్ళుగా భద్రిరాజుకి తెలుసు. వాడికంతా తెలుసు. మేకు తెలుసు, జనరేటరు తెలుసు, తెల్లటి ప్లగ్గు చేత్తో పట్టుకున్నవాడు కదా. తెలిసే మీదేసుకున్నాడు. గురువుగారి పరువు పోకూడదని తన వీపు ఇచ్చాడు. ఇస్తే ఇచ్చాడు, ఆ తర్వాత ఎటైనా పోవచ్చు కదా, తాగి వచ్చి షట్టరు మీద తన్నొచ్చు కదా, కాకినాడలో నలుగురికి చెప్పి నవ్వుకోవచ్చు కదా. లేదు. ప్రతి దసరాకి పనిముట్ల పూజ రోజున వస్తాడు. తన కొట్లో పూజ ముగించుకుని బస్సెక్కి వచ్చి, రెంచీలకి బొట్లు పెట్టిన ఈ బల్ల ముందు వంగి కాళ్ళకి దణ్ణం పెడతాడు. వాళ్ళమ్మ చిట్టెమ్మ పంపిన ఎండు మెత్తళ్ళు పేపరు పొట్లంలో తెస్తాడు. సముద్రం వాళ్ళిల్లు రెండుసార్లు తీసుకుపోయింది, మూడోసారి ఇసకబస్తాల వెనక రేకుల కింద ఉంటూ కూడా ఆవిడ మెత్తళ్ళు ఎండబెట్టి పంపిస్తుంది. "మావాణ్ణి మనిషిని చేసింది మీరేనని చెప్పమందండీ అమ్మ." వాడు వీధి మలుపు తిరగ్గానే భద్రిరాజు ఆ పొట్లాన్ని అచ్చాయమ్మకి ఇచ్చేస్తాడు. ఒక ఏడాది ఇవ్వకుండా విప్పి చూశాడు, ఒక్కొక్క చేపకీ తల తుంచి, శుభ్రం చేసి ఉంది, వాసన కూడా లేదు. కాలవలో పారేశాడు. క్షమించడం కూడా ఒక రకం కూర్చోబెట్టడమే, వాడు తనని ఆరేళ్ళుగా మెట్టుమీద కూర్చోబెట్టాడు, చేతికి పిస్టన్ ఇచ్చాడు, ఏడాదికోసారి వచ్చి ఇంకా పట్టుకునే ఉన్నాడా లేదా అని చూసి పోతున్నాడు, అండీ అంటూ.

రెండుంపావు. సరిచెయ్యడం రెండు నిమిషాల పని. భద్రిరాజు మీటరు తీసుకుని బయటికి నడిచాడు, నిజంగానే నడిచాడు, ఎవరో వెనకనుంచి చూస్తున్నట్టు కొంచెం వేగంగా. చెరువు గట్టు మీద గాలి నీళ్ళ మీంచి వస్తోంది, చల్లగా, బురదవాసనతో, ఏ దోషమూ లేని గాలి. కంచె తీగకి సెన్సారు తగిలించి, బ్యాటరీకి కలిపి, వేడెక్కనిచ్చాడు. అంకె పైకి పాకింది. పద్దెనిమిది, ఇరవై, ఇరవైరెండు, ఇరవైనాలుగు, ఇరవైఅయిదు దగ్గర ఆగింది. నూటికి ఇరవైఅయిదు పాళ్ళు ఆక్సిజన్. ప్రపంచంలో ఎక్కడా లేని గాలి. ఎవడైనా సరే దీన్ని ఆరుబయట ఒక్కసారి వెలిగిస్తే చాలు, చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోయే అబద్ధం అది, అంత బహిరంగంగా చెబుతోంది. వేలు బటన్ మీద పెట్టాడు. నొక్కితే ఇరవైఅయిదు కాస్తా ఇరవై పాయింట్ తొమ్మిది అవుతుంది, అంతా మామూలైపోతుంది, మూడింటికి వాడొస్తాడు, తీసుకుపోతాడు, గెలుస్తాడు, కోయంబత్తూరు పోతాడు, అక్కణ్ణుంచి ప్రతి దసరాకీ వస్తాడు. జేబులో ఫోన్ మోగింది.

"గురువుగారండీ, సిద్ధాంతం వంతెన మీదున్నానండీ, గాలికి వినపడుతోందాండీ? రావులపాలెంలో పూతరేకులు తీసుకున్నానండీ మీకు. బెల్లంవండీ. మీకు షుగరు కదా, పంచదారవి వద్దన్నాను."

"బెల్లమైతే షుగరు రాదనుకున్నావురా?"

"అంతే కదండీ? కాదాండీ?" నవ్వాడు. గోదావరి గాలి ఫోన్లోంచి హోరున వచ్చింది. "అయితే మీరు వాసన చూడండి, నేను తింటానండీ."

ఫోన్ పెట్టేశాక భద్రిరాజు వేలు బటన్ మీంచి తీసేశాడు. తన షుగరు కూడా వాడికి గుర్తుంది. సెన్సారు చల్లారేదాకా గట్టు మీదే నిలబడ్డాడు. తర్వాత వైరుని చుట్టచుట్టి లోపలికి తెచ్చి, మీటరుతో సహా గుడ్డసంచిలో పెట్టాడు. ఇక దాని గురించి ఆలోచించక్కర్లేదనిపించింది, కాని ఆలోచన ఇంకో పక్కనుంచి వచ్చింది. ఎల్లుండి పొద్దున. ముందు పరుగు బాగానే ఉంటుంది. రెండోది ఇంకా బాగుంటుంది, పెట్రోలు తగ్గిన ఇంజన్ చచ్చేముందు హాయిగా పరిగెడుతుంది, జ్వరం వచ్చినవాడి ముఖం మెరిసినట్టు. మూడో పరుగులో సగం దూరం పోయాక ఒక చిన్న టపామని చప్పుడు, నీలం పొగ. కోయంబత్తూరు వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాడు బోనెట్ ఎత్తి చూస్తాడు, తల లోపల పెట్టి చాలాసేపు బయటికి తీయడు. ఆ దృశ్యాన్ని భద్రిరాజు అన్ని వైపులనుంచీ చూశాడు, తొందరలేకుండా, ఇగురులో ముక్క ముక్క ఏరుకుని తిన్నట్టు తిన్నాడు. అప్పుడు వాడు ప్లగ్గు విప్పుతాడు. తెల్లగా ఉంటుంది. అప్పుడు వాడికి అర్థమవుతుంది. రెండోసారి. మొదటిసారి మీదేసుకున్నవాడు రెండోసారి కూడా మీదేసుకుంటాడా? అప్పుడైనా బస్సెక్కి వచ్చి ఈ షట్టరు మీద రాయి వేస్తాడు, అమ్మా ఆలీ అని తిడతాడు, అచ్చాయమ్మ బడ్డీ దగ్గర పదిమంది గుమిగూడతారు, అందరి ముందూ చెబుతాడు, ఆ రోజు ఏం జరిగిందో. భద్రిరాజుకి అప్పుడు తెలిసింది. తనకి కావాల్సింది ఇంజనో పిస్టనో కాదు. ఒక్క తిట్టు. వాడి నోట అండీ లేని ఒక్క మాట. దానికోసం వాడి రెండేళ్ళు కాల్చాల్సి వస్తే కాలనీ. ఆ ఒక్క మాట విన్నాక తను హాయిగా నిద్రపోతాడు, ఇద్దరూ సమానమైపోతారు.

మూడుకి ఇంకా అయిదు నిమిషాలుండగా మోటారుసైకిల్ చప్పుడు. ప్రసన్నకుమార్ షట్టరు పూర్తిగా పైకెత్తాడు, వెలుగు ఒక్కసారి లోపలికి పడింది. నుదుటి మీద హెల్మెట్ గీత, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది, చేతిలో అట్టపెట్టె. పెట్టె బల్లమీద పెట్టి వంగాడు. తడిచేతి వేళ్ళు పాదాలకి తగిలాయి.

"ఉండనీరా. దారిలో ఏమైనా తిన్నావా?"

"మార్టేరులో ఇడ్లీ తిన్నానండీ. ఏంటండీ ఇక్కడింత పొగవాసన?"

"జనరేటరు వేశాను." అబద్ధం కాదు. "క్యాలిబ్రేషన్ అయిపోయింది. సంచిలో పెట్టాను. కావాలంటే గట్టు మీద వేలాడదీసి ఒకసారి చూసుకో."

అన్నాడు. తన చెవులతో విన్నాడు కూడా. చూసుకో అన్నాడు, వాడే చూసుకోవచ్చు, అయిదు అడుగుల దూరంలో గట్టుంది, ఇరవైఅయిదు అంకె ఉంది. ఆ మాట అంటున్నప్పుడే వాడేమంటాడో తనకి తెలుసన్నది వేరే సంగతి.

ప్రసన్నకుమార్ నాలిక కరుచుకున్నాడు. "మీరు చేసిచ్చాక నేను చూడటమేంటండీ? ఎవరైనా వింటే నవ్వరూ? మీ చేత్తో చేసిందాన్ని సరిచూసేంత మొనగాణ్ణయ్యానాండీ?" సంచి తీసుకుని రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు. అద్దుకుని, మళ్ళీ బల్లమీద పెట్టాడు. "గురువుగారండీ. ఒక మాట. ఆరేళ్ళనుంచి చెబుదామని వస్తున్నానండీ, ప్రతి దసరాకీ. గుమ్మందాకా వచ్చేసరికి నోరు రావట్లేదు."

వచ్చింది, అనుకున్నాడు భద్రిరాజు. ఎల్లుండిదాకా ఆగక్కర్లేకుండానే వచ్చేసింది. బల్ల అంచు పట్టుకున్నాడు. ఒళ్ళంతా చెవులయింది. చెప్పు. చెప్పరా.

"అమ్మిరాజుగారి కారండీ. అది ఎలా పోయిందో నా నోటితో మీకు చెప్పలేదండీ. ప్లగ్గు తెల్లగా ఉందన్నానా, మీరు మీటర్ని నమ్మమన్నారా, నాకేమో భయం తగ్గలేదండీ. మీరు టీకి వెళ్ళినప్పుడు మీకు చెప్పకుండా స్పార్కు టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి లాగానండీ. మీ మీద నమ్మకం లేక కాదండీ, భయంతో. అందుకే పోయిందండీ ఇంజను. అమ్మిరాజుగారి ముందు మీరు నా పేరు చెప్పగానే అమ్మో, ఈయనకెలా తెలిసిపోయిందీ అనుకున్నానండీ. మళ్ళీ మీకేసి చూడలేకపోయాను. అంత చేసినా మీరు ఒక్క మాట అనలేదు, నాలుగు నెలలు పన్లోనే ఉంచుకున్నారు, కొట్టు పెట్టుకుంటానంటే రెంచీలిచ్చి పంపారు. నేను చేసింది నాకు తెలుసు కదండీ." మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ ఇంజన్ ట్యూనింగ్ మొదలెట్టేముందు చెప్పేసుకుందామనిపించిందండీ. లేకపోతే చెయ్యి ఆడదు నాకు."

భద్రిరాజు వాడిని చూశాడు. ఈ ముఖంలో ఆరేళ్ళుగా తను చదివినదేదీ అందులో లేదు. క్షమించడం లేదు, తెలిసుండటం లేదు, త్యాగం లేదు. ఉత్త నేరస్థుడి చూపు అది. తల దించుకున్నది తప్పు దొరికిపోయిందని. దసరాకి వచ్చింది శిక్ష కోసం. వాళ్ళమ్మ మెత్తళ్ళు తుంచింది కృతజ్ఞతతో. రెండు డిగ్రీలు. టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి లాగితే స్పార్కు కాస్త ఆలస్యమై లోపల ఒత్తిడి తగ్గుతుంది తప్ప ఏ పిస్టనూ కరగదు. కరగబోయేది ఇంకో నాలుగు పరుగులు బతుకుతుంది. ఆరోజు ఆ ఇంజన్ మధ్యాహ్నందాకా నిలబడిందంటే ఆ రెండు డిగ్రీల వల్లే. వాడు దాన్ని కాపాడబోయాడు. ఇది చెప్పడానికి ఒక్క వాక్యం చాలు, ట్యూనింగ్ తెలిసినవాడికి సగం వాక్యం చాలు, వాడి చేతిలోని పిస్టన్ ఈ క్షణమే కింద పడిపోతుంది. వాడు తనని క్షమించనే లేదు. అంటే వాణ్ణి ద్వేషించడానికి కారణమేదీ ఎప్పుడూ లేదు. భద్రిరాజు లోపలికి చూసుకున్నాడు, కారణం పోయింది కదా, దానితోబాటు అదీ పోయిందేమోనని. పోలేదు. కింద నేల తీసేసినా గోడ అలాగే నిలబడి ఉంది.

"గురువుగారండీ?"

"అదంతా నాకు ఆరోజే తెలుసురా," అన్నాడు. గొంతు మెత్తగా వచ్చింది, పొద్దుటి ఫోన్లో కంటే మెత్తగా. "అప్పుడే క్షమించేశాను. ఇంకెప్పుడూ దాని మాట ఎత్తకు."

ప్రసన్నకుమార్ మళ్ళీ వంగబోయాడు. భద్రిరాజు భుజం పట్టి లేపాడు. ఆ భుజం ఎముకలు చేతికి తగిలాయి, వేడిగా, ఎండకి కాలి. ఇప్పటికీ ఒక చిన్న అబద్ధం చాలు, పాత మీటరు కదరా, మళ్ళీ ఒకసారి చేసిస్తానుండు అంటే వాడు ఏమీ అనుకోడు, పైగా సంతోషిస్తాడు. ఆ మాట నాలిక మీదకి వచ్చింది, రుచి కూడా తెలిసింది. వాడు సంచి తీసుకుని బయటికి నడిచాడు. వెనక నడిచాడు తను కూడా.

ప్రసన్నకుమార్ సంచిని వెనక సీటు మీద పెట్టి, బెల్టు కింద దోపాడు. బండి స్టార్ట్ చేస్తే సంచి పక్కకి జారింది. "ఆగు," అన్నాడు భద్రిరాజు. వాడు ఆగాడు. తల తిప్పి చూశాడు, నుదుటి మీద హెల్మెట్ గీత ఇంకా అలాగే ఉంది.

"పెనుగొండ దగ్గర గోతులున్నాయి. కుదుపుకి పడిపోతుంది."

లోపలికెళ్ళి పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చాడు. సంచి మీంచి, సీటు కిందనుంచి, రెండు చుట్లు వేసి గట్టిగా లాగాడు. ముడి వేసి, ఊగుతుందేమోనని చేత్తో ఒకసారి కదిలించి చూశాడు. ఊగలేదు. దాని మీద ఇంకో ముడి వేశాడు.